లెక్కల పుస్తకాలూ, రాజంపేట ఆడవాళ్ల పనీ

సర్కారు లెక్కల విషయంలో మన పక్షంవాళ్లకు రెండు అలవాట్లున్నాయి. వాదనకు అక్కరకొచ్చే అంకె దొరికితే వేదికెక్కి చదువుతాం. అడ్డం వచ్చే అంకె కనబడితే "అది పాలకవర్గం వండిన లెక్క" అని పక్కన పడేస్తాం. ఒకే పుస్తకంలో పదో పుట నిజమూ పదకొండో పుట అబద్ధమూ యెలా అవుతాయని విద్యార్థి యెవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టం. మార్క్స్ యీ పని చేయలేదు. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ఆయన బ్రిటిష్ ప్రభుత్వం అచ్చువేసిన బ్లూబుక్కులనూ, ఫాక్టరీ ఇనస్పెక్టర్ల నివేదికలనూ పుటలకు పుటలు వాడుకున్నాడు. యింగ్లండు పెట్టుబడిదారీ వర్గాన్ని ఆ వర్గపు ప్రభుత్వం సేకరించిన సాక్ష్యంతోనే బోనులో నిలబెట్టాడు. లెనిన్ 1899లో రష్యాలో పెట్టుబడిదారీ విధానం పెరిగిన తీరును గూర్చి రాసిన పెద్ద గ్రంథానికి ఆధారం జెమ్‌స్త్వో గణకులు యింటింటికీ తిరిగి పోగుచేసిన లెక్కలే. ఆ గణకుల మీద ఆయనకు కోపం లేదు. ఆ లెక్కలను సగటుగా మార్చి, గుర్రం లేని రైతునూ నాలుగైదు గుర్రాలున్న రైతునూ కలిపి "సగటు రైతు" అనే లేని మనిషిని తయారుచేసిన పండితుల మీదనే ఆయన పోట్లాట.

ఆ లేని మనిషి యిప్పటికీ బతికే వున్నాడు. 2022-23లో జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పల్లెటూరి మనిషి నెలకు సగటున పెట్టే ఖర్చు 3,773 రూపాయలు. పత్రికలు అచ్చువేసింది ఆ అంకెనే. అదే నివేదికలో మరికొంచెం లోపలికి వెళితే, పల్లె జనంలో అడుగున వున్న నూటికి అయిదుగురి ఖర్చు 1,373 రూపాయలనీ, పైన వున్న నూటికి అయిదుగురి ఖర్చు 10,501 రూపాయలనీ రాసివుంది. సర్కారు దాచలేదు. చదవవలసినవాళ్లం చదవలేదు, అంతే. యిటువంటి చోట "లెక్కలు అబద్ధం" అని అరవడం కన్నా పుట తిప్పడం ఎక్కువ విప్లవకరమైన పని.

మన దేశంలో యీ విద్యకు ఆద్యుడు దాదాభాయి నౌరోజీ. 1867-68 సంవత్సరానికి బ్రిటిష్ యిండియాలో తలసరి ఆదాయం 20 రూపాయలని ఆయన లెక్కకట్టాడు. బీదరికాన్ని చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు అంతకు ముందూ వున్నారు. నౌరోజీ దానికి కొలబద్ద వెతికాడు. మనిషి బతకడానికి యెంత కావాలో తేల్చడానికి ఆయన యెంచుకున్న ఆధారాలు చూస్తే వొళ్లు జలదరిస్తుంది. జైలులో ఖైదీ మీద సర్కారు పెట్టే ఖర్చు ఒకటి; సముద్రం దాటించే కూలీలకు ఓడలో పెట్టవలసిన తిండి పట్టిక ఒకటి. దొర కాగితాల్లో భారతీయుడి కనీస తిండి ఖచ్చితంగా రాసి వున్నది ఆ రెండు చోట్లే. స్వేచ్ఛగా తన వూళ్లో బతికే రైతుకు ఖైదీపాటి కూడు కూడా లేదని రుజువైంది. వలస కూలీ తిండి పట్టిక మన జాతీయాదాయపు తొలి లెక్కలో వుందన్న విషయం గుర్తుంచుకోవాలి. దాని అవసరం ముందు వస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక మహలనోబిస్ పూనికతో 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. ప్రణాళికలను తిట్టేవాళ్లు కూడా ఆ సర్వేను తిట్టడానికి వెనకాడేవాళ్లు. అంత పేరు దానికి. ఆ పేరు మీద దెబ్బపడిన సంగతి యీ పత్రిక పాఠకులకు తెలిసిందే. 2017-18లో నిరుద్యోగం నూటికి 6.1 అని తేల్చిన సర్వేను సకాలంలో విడుదల చేయనందుకు 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్ నుంచి పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. ఎన్నికలు ముగిసిన తర్వాత మే 31న ఆ అంకె బయటికి వచ్చింది. అదే 2017-18కి చెందిన వినియోగ వ్యయ సర్వేకు ఆ అదృష్టం కూడా పట్టలేదు. నవంబరులో దాన్ని పూర్తిగా రద్దు చేశారు. దీన్ని గూర్చి చాలామంది చాలా బాగా రాశారు, నేను మళ్లీ రాయను. దాచిపెట్టిన అంకె కనీసం ఒక బీరువాలో వుంటుంది. యేదో ఒకరోజు బయటపడుతుంది. నన్ను పట్టిపీడించేది వేరే సంగతి. యే గడిలోనూ పట్టక, అసలు అంకెగానే పుట్టని పని మాట యేమిటి?

మా జిల్లాలో జనాభా లెక్కల భారం బడిపంతుళ్ల మీద పడుతుంది. 1991లోనూ, 2001లోనూ, 2011లోనూ రాజంపేటలో నేను ఆ పుస్తకాలు మోశాను. యిళ్లకు నెంబర్లు వేయడం, కుటుంబంలో పేర్లు రాయడం, వయసు అడగడం, యివన్నీ సులువు. (వయసు సులువని పుస్తకం అంటుంది. మా వైపు ముసలివాళ్లు తమ వయసును కరువుతోనూ, యేరు పొంగిన యేడాదితోనూ చెబుతారు.) చిక్కంతా "నిరుడు యేదైనా పని చేశారా?" అనే ప్రశ్న దగ్గరనే. ఆ ప్రశ్న వేయగానే మంచం మీద కూర్చున్న మగాయన, "ఆమెకేం పని సామీ, ఇంట్లోనే ఉంటాది" అని జవాబు చెప్పేస్తాడు. ఆమెనే అడిగినా తేడా లేదు. "నేనేం పని చేస్తా అయివారూ, ఊరకే ఇంట్లో ఉండా" అంటుంది. ఆ మాట అనేటప్పుడు మోచేతుల దాకా పేడ వుంటుంది.

1991లో ఆ ప్రశ్న పక్కనే ఒక వాక్యం చేర్చారు: పొలంలోగానీ కుటుంబ వృత్తిలోగానీ కూలి లేకుండా చేసిన పని కూడా పనేనని. స్త్రీల సంఘాలూ, అర్థశాస్త్రవేత్తలూ పట్టుబట్టి చేర్పించిన వాక్యం అది. 2001 నుంచి యింటి వాడకానికి పాలు పితకడాన్ని కూడా పనిగా రాయమన్నారు. అందువల్ల "ఊరకే ఇంట్లో ఉండా" అన్న మాటను అక్కడితో వదలకుండా అడిగేవాణ్ణి. ఎనుము పాలు యెవరు పిండుతారమ్మా? నేనే. శెనక్కాయలు యెవరు వొలిచినారు? నేనూ మా అత్తా. కోతలకు పోయినావా? పోకుంటే యెట్లా? యిలా నాలుగు ప్రశ్నలు వేస్తే ఆ మనిషి "పనిలేని" జాబితా నుంచి "పనివారి" జాబితాకు మారేది. నాలుగు ప్రశ్నలు వేయడానికి ఓపికలేని పంతులు వెళ్లిన వీధిలో ఆడవాళ్లందరూ సోమరులుగా మిగిలేవారు. దేశం మొత్తానికి యిలా యెన్ని వీధులో!

యిది నా వూహ కాదు. 1961 జనాభా లెక్కల్లో మన దేశపు ఆడవాళ్లలో నూటికి 28 మంది దాకా పనివాళ్లు. 1971లో అది 12కు పడిపోయింది. పదేళ్లలో సగం మంది ఆడకూలీలు చేలు వదిలి యిళ్లలో కూర్చున్నారా? కూర్చోలేదు. 1961లో సీజనులో రోజుకు ఒక గంట క్రమంగా పనిచేసినా పనివాళ్లలో చేర్చారు, 1971లో "నీ ముఖ్యమైన వ్యాపకం యేమిటి?" అని అడిగారు. పొద్దున్నే చేనుకు పోయి సాయంత్రం పొయ్యి ముట్టించే మనిషి ముఖ్యమైన వ్యాపకం వంట అని రాసుకున్నారు. నిర్వచనం అనే కలంపోటుతో కోట్లమంది శ్రామికులు మాయమైపోయారు. యిది యెదురుదిశలోనూ జరుగుతుంది. ఆవర్తన శ్రామిక సర్వే ప్రకారం 15 యేళ్లు దాటిన స్త్రీలలో శ్రామిక శక్తిలో వున్నవాళ్లు 2017-18లో నూటికి 23.3, 2023-24లో 41.7. యీ పెరుగుదలలో పెద్దభాగం స్వయం ఉపాధీ, కూలి లేని కుటుంబ సహాయమూ. దీన్ని చూపించి దేశంలో ఆడవాళ్లకు ఉద్యోగాలు వెల్లువెత్తాయని మంత్రులు ఉపన్యాసాలిస్తే, ఆ ఎనుము పాలు ముందు కూడా ఆమే పిండేది కదా అని గుర్తుచేయవలసింది మనమే.

ఆ సర్వేలో ప్రతి మనిషికీ ఒక సంకేత సంఖ్య వుంటుంది. 11 అంటే సొంత పని చేసుకునేవాడు. 21 అంటే కుటుంబ వ్యాపకంలో కూలి లేకుండా సాయపడేవాళ్లు. 51 అంటే విడి కూలి. 92 అంటే యింటిపని మాత్రమే. 93 అంటే యింటిపనితో పాటు కట్టెలు, ఆకుకూరలు, పశువుల మేత పోగుచేయడం, యింటి వాడకానికి కుట్టడం, నేయడం వగైరా. 92, 93 సంఖ్యలవాళ్లు శ్రామిక శక్తిలో లేరు. వారంలో ఒక్క గంట కూలికి పోయినవాడు ఆ వారానికి ఉద్యోగి. అడవి నుంచి మోపెడు కట్టెలు నెత్తిన మోసుకొచ్చిన మనిషి శ్రామికురాలు కాదు. మరి వీళ్లు రోజంతా యేం చేస్తారని అడగడానికి 2019 దాకా పట్టింది. ఆ యేడు జరిగిన తొలి అఖిల భారత కాల వినియోగ సర్వేలో, యింటిపని చేసే స్త్రీ దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నదనీ, చేసే పురుషుడు 97 నిమిషాలు పెడుతున్నాడనీ తేలింది. 2024లో మళ్లీ అడిగితే 289, 88. మగవాళ్లు తగ్గించుకున్న తొమ్మిది నిమిషాలు యెక్కడికి పోయాయో నాకు అంతుబట్టలేదు.

యిప్పుడు రాజంపేటకు వస్తాను. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా జనం కువైట్ పోతున్నారు. మగవాళ్లు డ్రైవర్లుగా, కూలీలుగా పోతే, ఆడవాళ్లు అరబ్బుల యిళ్లలో పనికి పోతారు. అక్కడ ఆ పనిచేసే ఆడమనిషిని ఖద్దామా అంటారు. మా వీధి నుంచి పోయిన ఒకామె ఆరేళ్లు వుండి తిరిగివచ్చింది. పోయేనాటికి 27 యేళ్లు, యిద్దరు పిల్లలు. పిల్లల్ని వాళ్ల అవ్వ దగ్గర వదిలి పోయింది. వచ్చిన తర్వాత ఒకరోజు అరుగు మీద కూర్చుని చెప్పిన మాట నేను మరిచిపోలేను: "ఈడ చేసిందే ఆడా చేసినా అయివారూ. వంట, అంట్లు, గుడ్డలు, పిల్లోళ్లు. ఈడ చేస్తే ఊరకే ఉండావన్నారు, ఆడ చేస్తే జీతమిచ్చినారు."

జాతీయాదాయపు సిద్ధాంతం మీద యింతకన్నా పదునైన విమర్శ నేను పుస్తకాల్లో చదవలేదు. 1953లో ఐక్యరాజ్యసమితి మొదట రూపొందించిన జాతీయ లెక్కల పద్ధతి నుంచి యిప్పటిదాకా ఉత్పత్తికి ఒక గీత గీసివుంది. యింట్లోవాళ్లు యింట్లోవాళ్ల కోసం జీతం లేకుండా చేసే సేవ ఆ గీతకు అవతల. జీతమిచ్చి పెట్టుకున్న పనిమనిషి సేవ గీతకు యివతల. కాబట్టి ఆమె రాజంపేటలో తన పిల్లలకు అన్నం వండినప్పుడు భారత జాతీయోత్పత్తి పైసా పెరగలేదు. కువైట్‌లో పరాయి పిల్లలకు వండినప్పుడు పెరిగింది, కువైట్ జాతీయోత్పత్తి. ఆమె పంపిన డబ్బు మన దేశం లెక్కల్లో "ప్రైవేటు బదిలీలు" అనే పద్దు కింద చేరింది. యేడాదికి మించి అక్కడ నివాసమున్న మనిషి కాబట్టి అది ఆదాయం కూడా కాదు, బదిలీ. అంటే యెవరో దయతో పంపినది. 2024-25లో యీ బదిలీల మొత్తం 13,546 కోట్ల డాలర్లు. దేశం విదేశీ మారకం లోటు పూడ్చుకునేది యీ దయాధర్మంతోనే. ఆమె బదులు యింట్లో పిల్లల్ని సాకిన అవ్వకు సంకేత సంఖ్య 92. లేదా పంపిన డబ్బు మీద బతుకుతున్నదని రాస్తే 94. అద్దెల మీదా, పింఛను మీదా బతికేవాళ్ల గడి అది. అరవై యేళ్ల మనిషి యిద్దరు పసివాళ్లను పెంచుతూ, సర్వే కాగితం మీద అద్దెలు తినే ఆసాముల పక్కన కూర్చున్నది.

మరి ఆమె యే పట్టికలో వుంది? జనాభా లెక్కల్లో కుటుంబమంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్కింపు జరిగితే, ఆ యిరవై రోజులూ యింట్లో లేనివాళ్ల పేరు ఆ యింట్లో రాయకూడదు. దేశంలోనే లేనివాళ్లు యెక్కడా రాయబడరు. సర్వేలలో ఆరునెలలు దాటి దూరంగా వున్నవాళ్లు కుటుంబ సభ్యులు కారు. యిక మిగిలింది వలస అనుమతుల లెక్క. 1983 వలస చట్టం కింద, పదో తరగతి దాటనివాళ్లు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే అనుమతి ముద్ర పడాలి. యింటిపనికి పోయే స్త్రీకి 30 యేళ్లు నిండనిదే ఆ ముద్ర వేయరు. ఆమెను రక్షించడానికే యీ నిబంధన అన్నారు. ఆకలికి 30 యేళ్లు నిండేదాకా ఆగే గుణం లేదు గనుక ఏజెంటు ఆమెను చూడ్డానికి పోయే వీసా మీద విమానం యెక్కించాడు. ఆ దారిన పోయినవాళ్లు అనుమతుల పట్టికలో వుండరు. చట్టం ఆమెను అక్కడికి పోకుండా ఆపలేకపోయింది. లెక్కకు మాత్రం అందకుండా చేయగలిగింది. కువైట్ 2015లో గృహ కార్మికుల చట్టం చేసి రోజుకు 12 గంటలు మించకూడదనీ, వారానికొక సెలవనీ రాసుకుంది. మరుసటేడు కనీస జీతం 60 దీనార్లన్నది. ఆ చట్టం అమలవుతున్నదా అని మన ప్రభుత్వం అడగాలంటే, యెంతమంది తరఫున అడుగుతున్నదో దానికి ముందు తెలియాలి కదా.

నౌరోజీ కాలంలో ఓడెక్కిన కూలీకి తిండి పట్టిక వుండేది. దొర దయ వల్ల కాదు. కూలీ దారిలో చస్తే తోట యజమానికి నష్టం గనుక.

రాజంపేటకు దక్షిణాన ఓబులవారిపల్లె మండలంలో మంగంపేట వుంది. ముగ్గురాయి గనులు. ప్రపంచంలోకెల్లా పెద్ద నిక్షేపాల్లో ఒకటి అది. దేశంలోని ముగ్గురాయిలో నూటికి తొంభైకి పైగా మన రాష్ట్రంలోనిదే. చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలపడానికి దాని పొడి వాడతారు. అందుకని అది అమెరికాకూ, కువైట్‌తో సహా గల్ఫ్ దేశాలకూ పోతుంది. ఆ రాయి యెన్ని టన్నులు తవ్వారో, యే గ్రేడుదో, యే దేశానికి యెంత పోయిందో, యెంత ధర పలికిందో నాగపూరులోని గనుల బ్యూరో యేటేటా అచ్చువేస్తుంది. ఒకే నేల నుంచి రాయీ పోతున్నది, మనుషులూ పోతున్నారు, చేరేది ఒకే చమురు నేలకు. రాయికి వున్న పట్టిక మనిషికి లేదు. రిజర్వు బ్యాంకు 2023-24లో బ్యాంకులను అడిగి, విదేశాల నుంచి వచ్చే డబ్బులో ఆంధ్రప్రదేశ్ వాటా నూటికి 4.4 అని తేల్చింది. బ్యాంకును అడిగితే డబ్బు సంగతి తెలుస్తుంది. కేరళవాళ్లు 1998 నుంచి వలస మీద విడిగా యింటింటి సర్వేలు చేయించుకుంటున్నారు. వాళ్లు మనుషులను అడిగారు.

యీ మాటలు నేను అన్నప్పుడల్లా ఒక మిత్రుడు, "లెక్కలో రాస్తే కడుపు నిండుతుందా?" అంటాడు. నిండుతుంది, ముమ్మాటికీ. 2013 ఆహార భద్రతా చట్టం పల్లె జనంలో నూటికి 75 మందికీ పట్టణాల్లో 50 మందికీ చౌక ధాన్యం హక్కు యిచ్చింది. నూటికి యింత అన్నది యే జనాభా మీద? 2011 జనాభా మీద. దాని ప్రకారం 81 కోట్ల 35 లక్షల మంది. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. తర్వాత పుట్టిన జనానికి ఆ నూటికి లెక్కలో వాటా లేదు. కొత్త జనాభాకు సరిచూస్తే 10 కోట్ల మందికి పైగా బయట వుండిపోయారని 2020లోనే జాన్ డ్రెజ్, రీతికా ఖేరా లెక్కవేసి చూపారు. లెక్క ఆలస్యమైతే గింజలు తగ్గుతాయన్న మాట.

అలాగని యింటిపనికి రూపాయల్లో విలువకట్టి జాతీయోత్పత్తిలో కలపమనేవాళ్ల పక్షాన నేను లేను. అలా కలిపితే ఒక్క రాత్రిలో దేశం సంపన్నమైనట్టు కనబడుతుంది, ఆమె చేతిలోకి మాత్రం కాణీ రాదు. ఏలికలు ఆ అంకెను కూడా తమ ఖాతాలోనే వేసుకుంటారు. నేను కోరేది గంటలు. యెవరు యెన్ని గంటలు, యెవరి కోసం, యే జీతానికి చేస్తున్నారన్నది. ఆ లెక్క వుంటే నీళ్ల కుళాయి యెక్కడ కావాలో, శిశుసంరక్షణ కేంద్రం యే వీధిలో కావాలో, గల్ఫ్ ఒప్పందంలో యే షరతు రాయాలో అడిగేందుకు సంఘానికి చేతిలో కాగితం వుంటుంది.

2025 జూన్ 16న వెలువడిన ప్రకటన ప్రకారం వచ్చే జనగణనకు ప్రమాణ తేదీ 2027 మార్చి 1. 1931 తర్వాత మొదటిసారి అన్ని కులాలనూ రాయాలని నిర్ణయించారు. కులం గడి మీద చాలా చర్చ జరిగింది, జరగవలసిందే. పని గడి మీద చర్చ లేదు. పుస్తకాలకు బదులు ఫోనులో యెక్కించే పద్ధతి పెట్టారు. ఫోనైనా పుస్తకమైనా నాలుగు ప్రశ్నలు అడగవలసింది పంతులే.

మా మండలంలో యింకో చిక్కు వుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పింఛా, అన్నమయ్య ప్రాజెక్టులు తెగి చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరుల మీద పడింది. 2011 జాబితాలో నెంబర్లు వున్న యిళ్లు కొన్ని పునాదులతో సహా పోయాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజంపేట కడప జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాకు మారింది. పాత పట్టికకూ కొత్త పట్టికకూ మధ్య యేరు మారింది, యిళ్లు మారాయి. యీ తేడాలన్నీ విప్పి చదవగలిగే కుర్రవాళ్లు మన కళాశాలల్లో తయారుకావాలి.

ఆమె మళ్లీ కువైట్ పోయింది. యీసారి 30 దాటింది గనుక అనుమతి ముద్రతో పోయింది. ఒక పట్టికలో ఒక అంకెగా చేరింది. 2027 ఫిబ్రవరిలో ఆ యింటికి వెళ్లే పంతులు అవ్వ పేరూ, యిద్దరు పిల్లల పేర్లూ రాసుకుంటాడు. అవ్వ పని గడి దగ్గర ఎనుము పాలు యెవరు పిండుతారని అడగాలి. ఆమే పిండుతుంది.